వచ్చే తారీఖు ఎప్పుడు?

మంగళవారం పొద్దున కొండగట్టు ఎక్కినవాళ్లకు ఈ దృశ్యం తెలుసు. తలనీలాలు తీసే చోట ఎప్పుడూ ఒక పసి ఏడుపు వినిపిస్తుంది. ఏడాది పిల్లో, మూడేళ్ల పిల్లగాడో మేనమామ ఒడిలో కూర్చుంటాడు. నెత్తి మీద చల్లని నీళ్లు పడగానే గుక్కపట్టి ఏడుస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతూ బుజ్జగిస్తారు. కాసేపట్లో నున్నటి గుండు మీద చల్లగా గంధం పూస్తారు. పిల్లవాడు ఏడుపు మరిచిపోయి కోతులను చూస్తుంటాడు.

ఇవాళ ఇంకో రకంగా గుండైన పిల్లల గురించి మాట్లాడతాను. వాళ్ల జుట్టు మొక్కు కోసం తీసింది కాదు. మందులకు రాలిపోయింది. రక్త క్యాన్సర్ వచ్చి, హైదరాబాద్‌లో పెద్దాసుపత్రిలో వైద్యం చేయించుకుంటున్న పిల్లలు వాళ్లు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్ల నుంచీ అట్లా వెళ్తున్న కుటుంబాలు ఉన్నాయి. బహుశా మీ వాడలోనే ఉండొచ్చు.

ఈ పదిహేను నిమిషాల్లో నేను చెప్పబోయేది ఒక్కటే మాట. పిల్లలకు క్యాన్సర్ వైద్యం మొదలుపెడితే మధ్యలో ఆపొద్దు. బిడ్డకు బాగైనట్టు కనిపించినా ఆపొద్దు. బాగైనట్టు కనిపించినప్పుడు అసలే ఆపొద్దు.

ఎందుకో చెప్తాను. ఒక ఇల్లు ఊహించుకుందాం. కోరుట్ల దగ్గరో, మెట్‌పల్లి దగ్గరో అనుకోండి. తల్లి బీడీలు చేస్తుంది. తండ్రి దుబాయ్‌లో ఉన్నాడు. ఇంట్లో నాయనమ్మ, ఆరేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. పాపకు జ్వరం వస్తుంది. మందులేస్తే తగ్గుతుంది. మూడు రోజులకు మళ్లీ వస్తుంది. పాప ముఖం తెల్లగా పాలిపోతుంది. ఊళ్లో డాక్టరు రక్తం తక్కువుందని టానిక్ రాస్తాడు. రాత్రి పూట కాళ్లు గుంజుతున్నాయని ఏడుస్తుంది. ఎక్కడా దెబ్బ తగలకుండానే ఒంటి మీద నల్లటి కమిలిన మచ్చలు పడతాయి. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. మెడ దగ్గర గడ్డలు.

అమ్మా, అక్కా, ఈ గుర్తులు ఒకసారి మళ్లీ చెప్తాను. రెండు వారాలైనా వదలని జ్వరం. పాలిపోయిన ముఖం. ఎముకల నొప్పి. దెబ్బ లేకుండా కమిలిన మచ్చలు. ఇవన్నీ ఉంటే క్యాన్సరే అని కాదు. చాలాసార్లు వేరే కారణమే ఉంటుంది. కానీ ఒక రక్తపరీక్ష చేయించాలి. అంగన్‌వాడీకి, బడికి పిల్లలను చూడటానికి వచ్చే ఆరోగ్య బృందం ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వాళ్లు వస్తారు. వాళ్లు వచ్చిన రోజు బిడ్డను బడి మాన్పించకండి. జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. మొదటి పరీక్షకు హైదరాబాద్ దాకా పోవాల్సిన పని లేదు.

సరే, మన పాప దగ్గరికి వద్దాం. రక్తపరీక్షలో అనుమానం వచ్చింది. హైదరాబాద్‌కు పంపించారు. అక్కడ ఎముకలో మూలుగ తీసి పరీక్షించారు. రక్త క్యాన్సర్ అన్నారు. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఈ రకమే. దాని పేరు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా. పేరు భయంగానే ఉంటుంది. కానీ మంచి వైద్యం పూర్తిగా అందితే ఎక్కువ మంది పిల్లలు బతికి బట్టకట్టే క్యాన్సర్ కూడా ఇదే. ఈ మాట తల్లులకు మొదటి రోజే చెప్పాలి. క్యాన్సర్ అనగానే బిడ్డ చేయి దాటిపోయిందనుకుని ఇంటికి తిరిగొచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి.

వైద్యం మొదలైంది. మొదటి నెల చాలా కష్టం. సూదులు, సెలైన్లు, వాంతులు, నోట్లో పుండ్లు. జుట్టు రాలుతుంది. ఆ తల్లి రోజూ తలగడ మీది వెంట్రుకలు ఏరి, పాప చూడకుండా కొంగులో ముడి వేసుకుంటుంది. నెల తిరిగేసరికి మళ్లీ మూలుగ పరీక్ష చేస్తారు. సూక్ష్మదర్శినిలో చూస్తే క్యాన్సర్ కణాలు కనబడవు. జ్వరం పోయింది. పాప ఇడ్లీ అడిగి తింటోంది. మంచం దిగి ఆడుకుంటోంది.

ప్రమాదం ఉన్నది ఇక్కడే.

ఇంటికి రాగానే నాయనమ్మ అంటుంది: "పోరి మంచిగైంది గదా బిడ్డా, ఇంక గా సూదులు ఎందుకు పొడిపిస్తవ్?" ప్రేమతోనే అంటుంది. పాప బాధ చూడలేక అంటుంది. తల్లికీ ఆ మాట తియ్యగానే వినిపిస్తుంది. కానీ నెల దాటింది, పని అయిపోలేదు. ఇంకా రెండేళ్లు, కొందరికి మూడేళ్ల దాకా వైద్యం ఉంటుంది.

కంటికి కనబడనప్పుడు ఇంకా మందెందుకు? పసుపు పండించే మన రైతులను అడగండి, వాళ్లు చెప్తారు. చేనులో తుంగ మొలిచింది. కూలీలను పెట్టి కలుపు తీయించారు. సాయంత్రం గట్టు మీద నిలబడి చూస్తే చేను అద్దంలా ఉంది. తుంగ పోయిందా? పోలేదు. మట్టి కింద దాని గడ్డలు అట్లాగే ఉన్నాయి. వాన పడితే వారం రోజుల్లో సూదుల్లా పైకి లేస్తాయి. అందుకే రైతు ఒక్క కలుపుతో ఆగడు. మళ్లీ మళ్లీ తీస్తాడు. కింది గడ్డలు నీరసించేదాకా తీస్తాడు.

పాప ఒంట్లోనూ అంతే. జబ్బు తెలిసిన రోజున లక్ష కోట్ల దాకా క్యాన్సర్ కణాలు ఉండొచ్చు. మొదటి నెల మందులకు వాటిలో నూటికి తొంభైతొమ్మిది చచ్చిపోయాయనుకోండి. ఇంకా మిగిలింది ఎంత? వెయ్యి కోట్లు. అవి మూలుగలో అక్కడక్కడా దాక్కుని ఉంటాయి. మామూలు సూక్ష్మదర్శినికి దొరకవు. వైద్యం ఆపితే అవే మళ్లీ లేస్తాయి. తిరగబెట్టిన జబ్బు మొదటిసారి లొంగినట్టు లొంగదు.

ఈ సంగతి ప్రపంచానికి ఎట్లా తెలిసిందో చెప్పాలి. అందులో మన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లాడు. అక్కడ లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనలు నడిపించాడు. ఆయన నడిపిన ప్రయోగశాలలోనే ఫోలిక్ యాసిడ్‌కు విరుగుడుగా పనిచేసే మందులు తయారయ్యాయి. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చాడు. అప్పటిదాకా ఆ జబ్బుకు మందే లేదు. వారాల్లో, నెలల్లో పిల్లలు పోయేవాళ్లు. 1948లో ఫార్బర్ 16 మంది పిల్లల గురించి రాశాడు. వాళ్లలో 10 మంది తేరుకున్నారు. లేవలేని పిల్లలు లేచి ఆడుకున్నారు.

కానీ అది నిలవలేదు. కొన్ని నెలలకే జబ్బు తిరిగొచ్చింది. బాగైనట్టు కనిపించడం వేరు, బాగవడం వేరు అని వైద్యులకు నేర్పింది ఆ పిల్లలే. ఒక్క మందు చాలదు, కొన్నాళ్లు చాలదు. రకరకాల మందులు కలిపి, ఏళ్ల తరబడి, లెక్క తప్పకుండా ఇవ్వాలి. అది తెలుసుకోవడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. సుబ్బారావు అదంతా చూడలేదు. ఆ 1948 ఆగస్టులోనే కన్నుమూశాడు. ఆయన ప్రయోగశాల నుంచే వచ్చిన మెథోట్రెక్సేట్ అనే చిన్న పసుపుపచ్చ మాత్రను ఇవాళ్టికీ ఈ పిల్లలకు వారానికి ఒకసారి ఇస్తున్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త. వారానికి ఒకసారి అంటే ఒకసారే. పొరపాటున రోజూ వేస్తే ప్రాణానికే ముప్పు. గోడ మీద క్యాలెండర్‌లో మాత్ర వేయాల్సిన రోజు చుట్టూ గుండ్రంగా గీత గీసి పెట్టుకోండి.

మొక్కు గురించి మొదట్లో అన్నాను కదా. అమెరికాలో ఒక మొక్కు కథ ఉంది. డానీ థామస్ అని ఒక హాస్యనటుడు. పేరు రాకముందు, జేబులో డబ్బుల్లేని రోజుల్లో, చర్చిలో సెయింట్ జూడ్ అనే పునీతుడికి మొక్కుకున్నాడు. నాకు దారి చూపిస్తే నీకు గుడి కడతానన్నాడు. దారి దొరికింది. ఆయన కట్టింది మాత్రం ఆసుపత్రి. 1962లో మెంఫిస్ నగరంలో పిల్లల కోసం తెరిచారు. వైద్యానికి ఏ కుటుంబం దగ్గరా డబ్బు తీసుకోవద్దన్నది అక్కడి నియమం. అది తెరిచిన నాటికి ఈ రక్త క్యాన్సర్ నుంచి బతికి బయటపడేవాళ్లు నూటికి నలుగురు. ఇప్పుడు అక్కడ నూటికి తొంభై మందికి పైగా బతుకుతున్నారు. మందులన్నీ కొత్తగా కనిపెట్టి సాధించింది కాదు ఇది. ఉన్న మందులనే కలిపి, క్రమం తప్పకుండా, చివరిదాకా ఇచ్చి సాధించింది చాలా వరకు.

మన హైదరాబాద్ పిల్లల ఆసుపత్రి వెనుకా అట్లాంటి ఒక మనసే ఉంది. ఏడో నిజాం చిన్న కోడలు నీలోఫర్ యువరాణి. టర్కీలో పుట్టిన ఆడబిడ్డ. ఆమె దగ్గర పనిచేసే రఫత్ అనే అమ్మాయి కాన్పులో చనిపోయింది. సరైన ఆసుపత్రి లేకనే పోయిందని యువరాణి కుమిలిపోయింది. ఇంకో రఫత్ పోకూడదని పట్టుబట్టింది. అట్లా 1953లో రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి వచ్చింది. మన జిల్లాల నుంచి బిడ్డను ఎత్తుకుని రాత్రికి రాత్రి బయలుదేరే తల్లులకు నీలోఫర్ పేరు తెలియకుండా ఉండదు. ఆ దగ్గర్లోనే క్యాన్సర్‌కు ఎంఎన్‌జే ఆసుపత్రి ఉంది. మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద 1955లో వచ్చింది. అక్కడ పిల్లలకు వేరే విభాగం ఉంది. ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబర్‌లో ఆ ఉచిత వైద్య పథకం పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు.

మరి మందు ఉంది, ఆసుపత్రి ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది. అయినా మధ్యలో ఎందుకు ఆగిపోతారు?

ఆ తల్లిని నిందించే ముందు ఆమె లెక్క వినాలి. తెల్లవారుజామున జగిత్యాలలో బస్సెక్కితే జూబ్లీ బస్‌స్టేషన్ చేరేసరికి ఎండెక్కుతుంది. అక్కడి నుంచి ఆటో. ఒక్కరోజులో పని కాకపోతే రాత్రి ఎక్కడ పడుకోవాలి? ఆ రెండు రోజులు బీడీలు లేవు, కూలీ లేదు. నాలుగేళ్ల కొడుకును ఎవరి దగ్గర వదలాలి? బర్రెకు గడ్డి ఎవరు వేస్తారు? వైద్యం ఉచితమే కావచ్చు, వైద్యానికి పోవడం ఉచితం కాదు. ఈ సంగతి మనం గట్టిగా ఒప్పుకోవాలి. లేకపోతే ఆపొద్దు అని రేడియోలో చెప్పడం తేలికైన పని అయిపోతుంది.

ఉండటానికి చోటు గురించి ఒక మాట. వైద్యం జరిగేన్ని రోజులు పిల్లవాడినీ తల్లిదండ్రులనూ ఉచితంగా ఉంచుకునే వసతి గృహాలు ఉన్నాయి. సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ అనే సంస్థ 2006లో ముంబయిలో మొదలైంది. హైదరాబాద్‌లోనూ నడుపుతోంది. ఆసుపత్రిలో సోషల్ వర్కర్ అని ఒకరు ఉంటారు. మొదటి రోజే వాళ్లను కలవండి. ఉండటానికి చోటు కావాలని, బస్సు చార్జీలకు ఇబ్బందని నోరు తెరిచి అడగండి. సిగ్గుపడొద్దు. వాళ్లు ఉన్నదే అందుకు.

ఇంకో బాధాకరమైన మాట చెప్పక తప్పదు. మన దేశంలో క్యాన్సర్ వైద్యానికి ఆసుపత్రి దాకా వస్తున్న పిల్లల్లో ఆడపిల్లలు తక్కువగా ఉంటున్నారని పరిశోధనలు చెప్తున్నాయి. జబ్బు ఆడపిల్లల మీద అంత దయ చూపిస్తుందని నేను అనుకోను. మనం చూపించాల్సిన దయలోనే తేడా ఉంది. నేను ఊహించమన్న బిడ్డ ఆడపిల్ల కావడం ఊరికే కాదు.

ఇప్పుడు మళ్లీ మొదటి మాట. మధ్యలో ఆపొద్దు. దానికి మనం చేయగలిగిన ఒక చిన్న పని చెప్తాను.

హనుమాన్ మాల వేసుకున్నవాళ్లను చూడండి. 41 రోజుల దీక్ష. ఊళ్లో ఎవరు ఎదురైనా ఒకటే అడుగుతారు: "స్వామీ, ఎన్నో రోజు?" ఇరవై, ముప్పై అని స్వామి లెక్క చెప్తాడు. ముప్పైతొమ్మిదో రోజున మాల తీసేస్తానంటే ఊరు ఒప్పుకుంటుందా? ఆ దీక్ష ఒక్కడిదే అయినా, లెక్క మాత్రం ఊరంతా పెట్టుకుంటుంది.

క్యాన్సర్ బిడ్డ ఉన్న ఇంటికి వెళ్తే మనం ఏమడుగుతాం? "మంచిగైందా?" అని అడుగుతాం. పాపం, ఆ తల్లి "మంచిగనే ఉన్నది" అంటుంది. ఆ జవాబు పదిసార్లు చెప్పీ చెప్పీ ఆమే నమ్మేస్తుంది. ఇక పోవడం ఎందుకనిపిస్తుంది. కాబట్టి ఆ ప్రశ్న మార్చండి. "వచ్చే తారీఖు ఎప్పుడు?" అని అడగండి. ఆసుపత్రి ఫైలు మీద డాక్టరు రాసిన తారీఖు. నాయనమ్మ అడగాలి. బడిలో టీచరు అడగాలి. ఆశా కార్యకర్త అడగాలి. దుబాయ్ నుంచి తండ్రి ఫోన్ చేసినప్పుడు, పాప ఏం తిన్నదని అడిగాక, వచ్చే తారీఖు ఎప్పుడని అడగాలి.

మరి ఒక తారీఖు తప్పిపోతే? బస్సు దొరకలేదు, ఇంట్లో చావు అయింది, డబ్బుల్లేవు. తప్పిపోయింది. అప్పుడు చాలామంది భయపడతారు. పోతే డాక్టరు తిడతారని అసలే పోవడం మానేస్తారు. సిరిసిల్ల అన్నలారా, మీరు చెప్పండి. మరమగ్గం సాంచ నడుస్తుంటే పోగు తెగుతుంది. తెగిందని బట్ట మొత్తం కోసి పారేస్తారా? సాంచ ఆపి, పోగు వెతికి, ముడి వేసి మళ్లీ నడిపిస్తారు. ఎంత తొందరగా చూస్తే అంత తక్కువ నష్టం. ఇదీ అంతే. సోమవారం తప్పితే మంగళవారం వెళ్లండి. మంగళవారం కాకపోతే ఫోన్ చేయండి. నాలుగు మాటలు పడినా సరే, బిడ్డకు మందు పడుతుంది.

ఇంటి దగ్గర ఉన్న రోజుల్లో జ్వరాన్ని మాత్రం ఆషామాషీగా తీసుకోవద్దు. ఈ మందుల వల్ల పిల్లల ఒంట్లో జబ్బుతో పోరాడే తెల్ల కణాలు తగ్గిపోతాయి. థర్మామీటరులో 100.4 దాటితే తెల్లారేదాకా ఆగొద్దు. జ్వరం బిళ్ల వేసి పడుకోబెట్టొద్దు. ఫైలు పట్టుకుని, 108 పిలిపించుకుని, అర్ధరాత్రయినా ఆసుపత్రికి బయలుదేరండి. ఫైలు చూపిస్తేనే ఈ బిడ్డ మందుల మీద ఉన్నదని అక్కడివాళ్లకు తెలుస్తుంది.

పిల్లలందరూ బతుకుతారని నేను మాట ఇవ్వలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ధనిక దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి ఎనభై మందికి పైగా బతుకుతుంటే, చాలా పేద దేశాల్లో ముప్పై మంది కూడా బతకడం లేదు. ప్రపంచం మొత్తం మీద నూటికి కనీసం అరవై మంది బతకాలని, 2030 నాటికి అది జరగాలని 2018లో లక్ష్యం పెట్టుకున్నారు. మందు పనిచేయని బిడ్డలూ ఉంటారు. అప్పుడు కూడా ఆసుపత్రి వదిలేయదు. నొప్పి తెలియకుండా చూసుకునే వైద్యం ఉంది. ఎంఎన్‌జేలో దానికి ఒక విభాగమే ఉంది. ఆ బిడ్డ నొప్పి లేకుండా తల్లి ఒళ్లో నిద్రపోగలగడం కూడా వైద్యమే.

మళ్లీ కొండగట్టు దగ్గరికి వస్తాను. హనుమంతుడు సంజీవని కొండ మోసుకుపోతుంటే అందులో ముక్క జారి పడి ఈ గట్టు ఏర్పడిందని మన పెద్దలు చెప్పుకుంటారు. ఔషధం పేరు మీద పుట్టిన కొండ. అందుకే జబ్బు చేసిన బిడ్డ పేరున మొక్కని తల్లి ఇక్కడ ఉండదు. మొక్కుకోండి. కానీ మందుల మీద ఉన్న బిడ్డను హనుమాన్ జయంతి రోజు జనంలోకి, ఆ తొక్కిసలాటలోకి తీసుకురాకండి. వేరేవాళ్ల దగ్గు, జలుబు కూడా వాళ్లకు ప్రమాదమే. ముందు డాక్టరును అడగండి. ఆయన సరేనన్నాక తీసుకురండి. మొక్కు ఎక్కడికీ పోదు. అప్పటికి జుట్టు కూడా మళ్లీ వస్తుంది. కొందరు పిల్లలకు ముందుకన్నా మెత్తగా, కొంచెం ఉంగరాలు తిరిగి వస్తుంది. దేవుడికి ఇవ్వాలనుకుంటే ఆ జుట్టు ఇవ్వొచ్చు.

అంతదాకా మాత్రం తారీఖులు ఉన్నాయి. మీ వాడలో అట్లాంటి ఇల్లు ఉంటే రేపు పొద్దున వెళ్లండి. బిడ్డను హైదరాబాద్‌కు తీసుకుపోవాల్సింది ఎప్పుడని అడగండి. ఆ రెండు రోజులు చిన్నోడిని మా ఇంట్లో వదిలిపెట్టు, బర్రెకు గడ్డి నేను వేస్తానని ఆ తల్లికి చెప్పండి.